తుపాను అలలు, ప్రవాహాలు సరస్సు ఒడ్డును ఎలా కోస్తాయి? మోడలింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో కొన్ని ఒడ్డున ఇల్లో పొలమో ఉన్నవారు అడిగేవి, కొన్ని మొదటిసారి మోడల్ నడుపుతున్న విద్యార్థులు అడిగేవి. ఇద్దరికీ ఉపయోగపడాలనే ఉద్దేశంతో లెక్కలను సూత్రాల రూపంలో కాక మాటల్లోనే చెప్పాను.

సరస్సులో ఆటుపోట్లు లేవు, సముద్రమంత కెరటాలూ లేవు. మరి ఒడ్డు ఎందుకు కోసుకుపోతుంది?

ఆటుపోట్లు లేకపోవడం ఒక విధంగా ఒడ్డుకు చేటే. సముద్రతీరంలో నీటి అంచు పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది గనుక అలల దెబ్బ వెడల్పైన పట్టీ మీద పంపకమవుతుంది. సరస్సులో మాత్రం గాలి వీచినన్ని గంటలూ అలలు చాలావరకు ఒక ఇరుకైన పట్టీనే, అంటే గట్టు పాదాన్నే, కొడుతూ ఉంటాయి. రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. సముద్రంలో వేల కిలోమీటర్ల అవతల పుట్టి వచ్చే పొడవైన, నిదానమైన అలలు, తుపాను లోపలికి లాక్కుపోయిన ఇసుకను తరవాతి వారాల్లో మళ్ళీ ఒడ్డుకు నెట్టుకొస్తాయి. సరస్సులో పుట్టే అలలు పొట్టివి, నిటారుగా లేచేవి. గాలి ఆగిన కొద్ది గంటల్లోనే అవీ చల్లారిపోతాయి. కాబట్టి సరస్సుల్లో పోయిన ఇసుక తిరిగి రావడం ఆలస్యమవుతుంది, వచ్చినా అంతా రాదు. ఒడ్డు బంకమన్నుదైతే అసలు రాదు.

మోడల్ అంటే ఏమిటి? అందులో ఏం జరుగుతుంది?

సరస్సు అడుగును చిన్న చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోనూ నీరు, అల, మన్ను ఎలా కదులుతాయో కొన్ని సెకన్ల అంతరంతో లెక్కగట్టే ప్రోగ్రామే మోడల్. పని గొలుసులా సాగుతుంది. గాలి నుంచి అలలనూ నీటిమట్టాన్నీ, అవి ఒడ్డు దగ్గర విరిగే తీరు నుంచి ప్రవాహాలనూ, ఆ రెండూ కలిసి అడుగు మీద కలిగించే రాపిడి నుంచి లేచే మట్టినీ, ఆ మట్టి పోయిన చోట లోతునూ చేరిన చోట మేటనూ వరసగా లెక్కిస్తారు. అడుగు మారితే అల విరిగే చోటు కూడా మారుతుంది గనుక కొత్త లోతులతో మళ్ళీ మొదటికి వస్తారు. ఈ తిరుగుడే మోడలింగ్‌లో అసలు కష్టం. మొదటి మెట్టులో జరిగిన చిన్న తప్పు చివరి మెట్టుకు చేరేసరికి చాలా పెద్దదవుతుంది.

గాలి వేగం తెలిస్తే అల ఎత్తు చెప్పగలమా?

గాలి వేగంతో పాటు, ఆ గాలి నీటి మీద ఎంత దూరం అడ్డు లేకుండా వీచిందో, ఎంతసేపు వీచిందో కూడా తెలియాలి. ఆ దూరాన్ని ఈ రంగంలో ‘ఫెచ్’ అంటారు. సెకనుకు 20 మీటర్ల గాలి 20 కిలోమీటర్ల ఫెచ్ మీద తగినంతసేపు వీస్తే, ఉత్తర సముద్రంలో జరిగిన జాన్‌స్వాప్ కొలతల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, లోతైన నీటిలో సుమారు 1.4 మీటర్ల ఎత్తు, నాలుగున్నర సెకన్ల కాలవ్యవధి గల అలలు లేస్తాయి. అదే గాలి 100 కిలోమీటర్ల మీద వీస్తే ఎత్తు 3.2 మీటర్లకు, కాలవ్యవధి దాదాపు 8 సెకన్లకు చేరుతుంది. ఫెచ్ ఐదింతలైతే ఎత్తు రెండింతలకు కాస్త పైన మాత్రమే పెరిగిందని తేలికగా తీసుకోకూడదు. అల శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి శక్తి కూడా ఐదింతలైనట్టే.

అందుకే ఒకే సరస్సులో ఒక ఒడ్డు నిశ్చింతగా ఉంటే ఎదుటి ఒడ్డు ఏటేటా వెనక్కి జరుగుతూ ఉంటుంది. కోలగా ఉన్న సరస్సులో గాలి పొడవు వెంబడి వీచిందా, అడ్డంగా వీచిందా అన్నదే ఒక్కోసారి మొత్తం ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

నీటిమట్టానికి ఎందుకంత ప్రాధాన్యం? కోసేది అలే కదా?

కోసేది అలే, కానీ అలను గట్టు దాకా రానిచ్చేది నీటిమట్టం. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవమంటాను.

అల తాను నిలిచిన లోతుకు సుమారు 0.78 రెట్ల ఎత్తు దాటితే విరిగిపోతుందని స్థూలంగా లెక్క వేస్తారు. గట్టుకు కొంచెం ముందు 2 మీటర్ల లోతు ఉందనుకుందాం. తుపాను ఎంత పెద్దదైనా అక్కడ నిలబడగలిగే అల 1.6 మీటర్లకు మించదు. నీటిమట్టం ఒక్క మీటరు పెరిగిందంటే ఆ హద్దు 2.3 మీటర్లు దాటుతుంది. శక్తి రెండింతల కన్నా ఎక్కువవుతుంది. అడుగు వాలు 50 మీటర్లకు 1 మీటరు చొప్పున ఉంటే, అల విరిగే గీత కూడా 50 మీటర్లు ఒడ్డు వైపు జరుగుతుంది. గాలి మారలేదు, తుపాను మారలేదు, అయినా నష్టం మారిపోయింది.

ఈ మట్టం మూడు రకాలుగా మారుతుంది. మొదటిది, ఏళ్ల తరబడి నడిచే హెచ్చుతగ్గులు. ఉత్తర అమెరికాలోని మిచిగాన్, హ్యూరాన్ సరస్సులు జలసంధితో కలిసి ఉన్నందువల్ల నీటిమట్టం విషయంలో ఒకే సరస్సుగా ప్రవర్తిస్తాయి. అక్కడ 1986 అక్టోబరులో నమోదైన గరిష్ఠ నెలవారీ మట్టానికీ 2013 జనవరిలో నమోదైన కనిష్ఠానికీ తేడా సుమారు 1.9 మీటర్లు. ఆ కనిష్ఠం నుంచి ఏడేళ్లలోనే, 2020 వేసవికల్లా, నీరు మళ్ళీ 1986 స్థాయి దగ్గరకు వచ్చింది. తక్కువ మట్టం ఉన్న ఏళ్లలో వెడల్పైన ఇసుకను చూసి ధైర్యపడిన వారికి ఆ ఏడేళ్లు చాలా చిన్న కాలం.

రెండోది, తుపాను సమయంలో గాలి నీటిని ఒక చివరకు తోయడం. ఎరీ సరస్సు పొడవు సుమారు 388 కిలోమీటర్లు, సగటు లోతు 19 మీటర్లు. సెకనుకు 20 మీటర్ల గాలి పొడవు వెంబడి నిలకడగా వీస్తే, నీటి మీద దాని రాపిడి చదరపు మీటరుకు దాదాపు 1 న్యూటన్ ఉంటుంది. ఆ తోపుకు ఎదురు నిలవడానికి నీటి ఉపరితలం ఎంత వాలాలో లెక్కిస్తే, రెండు చివరల మధ్య ఇంచుమించు 2 మీటర్ల తేడా వస్తుంది. లోతు తగ్గినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది కాబట్టి నిరపాయంగా కనిపించే లోతు తక్కువ సరస్సులే తుపానులో ప్రమాదకరం. ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సు సగటు లోతు 3 మీటర్లయినా ఉండదు; 1928 సెప్టెంబరు హరికేన్‌లో దాని నీరు గట్టు దాటి మీదపడి రెండున్నర వేల మందికి పైగా ప్రాణాలు తీసింది.

మూడోది, గాలి ఆగాక ఆ నీరు తొట్టిలో నీళ్లలా ఇటూ అటూ ఊగడం. దీన్ని ‘సేష్’ అంటారు. పొడవును రెట్టింపు చేసి, గురుత్వాన్ని లోతుతో గుణించగా వచ్చిన దాని వర్గమూలంతో భాగిస్తే ఒక ఊపుకు పట్టే కాలం వస్తుంది. ఎరీకి ఈ లెక్క దాదాపు 16 గంటలు చెబుతుంది. నిజంగా కొలిస్తే సుమారు 14 గంటలు. సరస్సు అడుగు పళ్ళెంలా సమానంగా లేకపోవడమే ఈ తేడాకు కారణం. ఒక్క సగటు లోతుతో వేసిన లెక్క ఇంత దగ్గరకు రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రవాహాలు ఒంటరిగా ఒడ్డును కోయగలవా?

చాలావరకు కోయలేవు. గాలి తోపుకు కదిలే నీరు సాధారణంగా ఇసుకను లేపగలిగినంత బలంగా ఉండదు. లేపేది అల, మోసేది ప్రవాహం. 3 మీటర్ల లోతులో 1 మీటరు ఎత్తు అల సాగుతున్నప్పుడు అడుగున నీరు సెకనుకు 0.9 మీటరు దాకా వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సన్నని ఇసుక కదలడానికి అందులో పావు వంతు చాలు. అయితే అల ఇసుకను ఎత్తి మళ్ళీ దాదాపు అక్కడే దించుతుంది. ఆ క్షణంలో పక్కకు సాగే చిన్న ప్రవాహం ఉన్నా, లేచిన ఇసుక దాని వెంట పోతుంది.

ఒడ్డు దగ్గర చూడవలసిన ప్రవాహాలు రెండు. విరిగిన అలల నీరు అడుగు నుంచి లోపలికి మళ్ళేది మొదటిది. తుపాను రాత్రి గట్టు పాదం నుంచి ఇసుకను ఈడ్చుకుపోయేది ఇదే. అలలు ఏటవాలుగా వచ్చి విరిగినప్పుడు ఒడ్డు వెంబడి పారేది రెండోది. దీనితో కదిలే ఇసుకకు బాగా వాడుకలో ఉన్న సెర్క్ సూత్రం ప్రకారం, విరిగే అల ఎత్తు రెట్టింపైతే కదిలే ఇసుక ఐదున్నర రెట్ల కన్నా ఎక్కువవుతుంది. అంటే, ఏడాది మొత్తం కదిలే ఇసుకలో పెద్ద వాటా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన కొన్ని రోజులదే. ఏడాది సగటు అలను తీసుకుని మోడల్ నడిపితే ఆ రోజులు లెక్కలో నుంచి జారిపోతాయి.

ఇసుక ఒడ్డుకు వాడిన మోడల్‌నే బంకమన్ను గట్టుకూ వాడవచ్చా?

వాడకూడదు. వాడినా ప్రోగ్రాము అభ్యంతరం చెప్పదు, అంకెలు ఇస్తుంది, అదే ప్రమాదం.

ఇసుక ఒడ్డు ఒక ఖాతా లాంటిది. ఒక చోట తీసిన ఇసుక మరోచోట జమ అవుతుంది, కాలం అనుకూలిస్తే కొంత వెనక్కీ వస్తుంది. హిమానీనదాలు వదిలిపోయిన గట్టి బంకమన్ను, రాళ్ళు కలిసిన ‘టిల్’ గట్టులకు అలాంటి ఖాతా లేదు. అల దెబ్బకు ఊడిన బంకమన్ను సన్నని ఒండ్రుగా నీటిలో కలిసి లోతుల్లోకి పోయి స్థిరపడుతుంది. అది మళ్ళీ గట్టుగా అతుక్కోదు.

అంతకన్నా గమనించవలసినది నీటి కింద జరుగుతుంది. గట్టు వెనక్కి జరగాలంటే దాని ముందున్న సరస్సు అడుగు కూడా లోతు కావాలి. లేకపోతే అడుగే మెట్టులా నిలిచి అలలను ముందుగానే విరగ్గొడుతుంది. గట్టు ఏడాదికి 1 మీటరు వెనక్కి పోతూ, ముందున్న అడుగు వాలు 50కి 1గా ఉండి, ఆ ఆకారం మారకుండా ఉంటే, ఆ అడుగు ఏడాదికి సగటున 2 సెంటీమీటర్లు అరుగుతున్నట్టు లెక్క. పైనున్న మనిషికి గట్టు విరిగిపడటం ఒక రాత్రి ప్రమాదంగా కనిపిస్తుంది గానీ, దానికి తగిన గోయి నీటి కింద ఏళ్లుగా తవ్వుతూనే ఉంటుంది.

ఇక్కడ ఇసుక పాత్ర కాస్త చిత్రమైనది. టిల్ మీద మందంగా పరుచుకున్న ఇసుక దాన్ని కప్పి కాపాడుతుంది. అదే పలచగా ఉంటే, అలలతో పాటు ఊగుతూ గరుకు కాగితంలా బంకమన్నును రాపాడేస్తుంది. కాబట్టి అడుగున ఇసుక ఉందా అన్నది సగం ప్రశ్నే. ఎంత మందాన ఉందన్నదే మోడల్‌కు కావలసిన సమాచారం. గట్టు పైభాగం కూలడం వేరే లెక్క: వాన నీరు ఇంకడం, భూగర్భజలం ఊట, మంచు గడ్డకట్టి కరగడం వంటివన్నీ అందులో ఉంటాయి. పాదాన్ని అల తొలిచిన నెలల తరవాత, గాలి లేని రోజున గట్టు జారిపడవచ్చు.

నీరు ఇంత పెరిగితే ఒడ్డు ఇంత జరుగుతుందని చెప్పే బ్రూన్ సూత్రం సరిపోదా?

పెర్ బ్రూన్ 1962లో ప్రతిపాదించిన ఈ సూత్రం, నీటిమట్టం పెరిగితే ఒడ్డు అడుగు ఆకారం అలాగే ఉంటూ పైకీ వెనక్కీ జరుగుతుందని భావిస్తుంది. దానికి ఒడ్డంతా ఇసుకే కావాలి, ఒడ్డు వెంబడి వచ్చేదీ పోయేదీ సమానం కావాలి, పైగా కొత్త మట్టానికి సర్దుకునేంత వ్యవధి ఉండాలి. ఏటా హెచ్చుతగ్గులయ్యే సరస్సులో ఆ వ్యవధి దొరకదు, టిల్ ఒడ్డులో మొదటి షరతే చెల్లదు. ఒక తొలి అంచనాగా కాగితం మీద వేసుకోవచ్చు, నిర్ణయాలకు పనికిరాదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ప్రశ్నను బట్టి. సరస్సు మొత్తం మీద అలలకు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో రూపొందిన స్వాన్, నీటిమట్టానికీ ప్రవాహాలకూ యాడ్‌సర్క్ లేదా డెల్ఫ్ట్3డి వాడుకలో ఉన్నాయి. ఒక్క తుపాను ఒక ఇసుక ఒడ్డును ఎంత కోస్తుందో చూడాలంటే ఎక్స్‌బీచ్, కాస్త పాతదైన ఎస్‌బీచ్ ఉన్నాయి. దశాబ్దాల్లో ఒడ్డు గీత ఎలా వంగుతుందో చూడాలంటే జెనెసిస్ వంటి ‘ఒకే గీత’ మోడళ్ళు తీసుకుంటారు. ఇవి ఒడ్డు వాలు ఆకారం మారదని భావించి, గీతను మాత్రమే ముందుకూ వెనక్కూ జరుపుతాయి.

ఒక తుపాను మోడల్‌ను ముప్పై ఏళ్లు నడపడం, ముప్పై ఏళ్ల మోడల్‌ను ఒక తుపానుకు అడగడం రెండూ పొరపాట్లే. ఎక్స్‌బీచ్‌లోని ముందే పెట్టి ఉన్న విలువలను చాలావరకు సముద్రతీరాల మీద సరిచూశారు గనుక, పొట్టి, నిటారు అలలున్న సరస్సుకు వాటిని ఉన్నవి ఉన్నట్టు వాడితే కోత ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది.

గడులు ఎంత చిన్నవైతే అంత మంచిదా?

కాదు. 20 మీటర్ల లోతులో పొడవైన అల సెకనుకు 14 మీటర్లు సాగుతుంది. గడి 10 మీటర్లదైతే చాలా ప్రోగ్రాములకు ఒక లెక్కకూ తరవాతి లెక్కకూ మధ్య వ్యవధి 0.7 సెకను లోపే ఉండాలి, లేకపోతే అంకెలు పేలిపోతాయి. గడి వెడల్పును సగం చేస్తే గడులు నాలుగింతలు, ఒక్కో గడిలో వేయాల్సిన లెక్కలు రెండింతలు, మొత్తం పని ఎనిమిదింతలు అవుతుంది. అలలు విరిగే పట్టీలో మాత్రం చిన్న గడులు పెట్టి, నడి సరస్సులో పెద్దవి ఉంచడం పద్ధతి.

కొత్తవారు ఎక్కువగా ఎక్కడ తప్పు చేస్తారు?

దిక్కుల్లో. నా అనుభవమే చెబుతాను. మొదటి మోడల్‌లో నైరుతి గాలి తుపాను పెట్టి రాత్రంతా నడిపాను. పొద్దున చూస్తే ఈశాన్య ఒడ్డు అద్దంలా ఉంది, నైరుతి ఒడ్డు మీద అలలు విరుచుకుపడుతున్నాయి. వాతావరణ శాఖలు గాలి ఎటు నుంచి వస్తుందో ఆ దిక్కు రాస్తాయి. ప్రవాహానికి మాత్రం ఎటు పోతోందో ఆ దిక్కు రాయడం ఆనవాయితీ. స్వాన్ ప్రత్యేకంగా చెప్పకపోతే కోణాలను తూర్పు నుంచి అపసవ్యంగా, పోయే వైపుకు లెక్కిస్తుంది. ఆ పద్ధతిని మార్చమని చెప్పే ఒక్క పదం నా ఫైల్‌లో లేదు. చిత్రపటం గీయకుండా అంకెల పట్టిక మాత్రమే చూసి ఉంటే ఆ ఫలితాన్నే నివేదికలో పెట్టేవాడిని. అప్పటి నుంచి ఏ మోడల్‌కైనా మొదట నిలకడైన గాలి ఒకటి పెట్టి, నీరు ఎటు చేరిందో కళ్ళతో చూశాకే అసలు తుపానుకు వెళ్తాను.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. లోతును కొన్ని ప్రోగ్రాములు ధనసంఖ్యగా, కొన్ని రుణసంఖ్యగా తీసుకుంటాయి. నేల మీది స్టేషన్‌లో కొలిచిన గాలి నీటి మీది గాలి కన్నా తరచు తక్కువగా ఉంటుంది. లోతుల పటం ఒక ఆధార మట్టం నుంచి, నీటిమట్టం రికార్డు మరో ఆధార మట్టం నుంచి కొలిచి ఉంటే, రెండింటి మధ్య తేడా అంతా కోతగా బయటపడుతుంది.

మంచు కట్టే సరస్సుల్లో ఏం మారుతుంది?

సరస్సు గడ్డకట్టి ఉన్నంతకాలం శీతాకాలపు తుపానుకు అలలు లేవవు. ఒడ్డున పేరుకున్న మంచు దిబ్బలు గట్టును కొంత కాపాడతాయి. మంచు ఆలస్యంగా కడితే బలమైన గాలుల నెలల్లో నీరు తెరిచి ఉంటుంది. అందువల్ల మోడల్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా మంచు ఉందో ఏడాదివారీగా ఇవ్వాలి. అయితే మంచు పూర్తిగా మిత్రుడేమీ కాదు. అడుగుకు అంటుకున్న గడ్డలు తేలిపోయేటప్పుడు ఇసుకనూ వెంట తీసుకుపోతాయి.

మోడల్ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

తుపానుకు ముందూ తరవాతా కొలిచిన ఒడ్డు ఆకారంతో పోల్చి చూడాలి. దీనికి బ్రియర్ స్కిల్ స్కోరు వాడతారు. ‘ఏమీ మారదు’ అని ఊరికే చెప్పిన దానితో సమానంగా మోడల్ చెబితే సున్నా, తప్పు లేకుండా చెబితే 1, ఊరికే చెప్పిన దాని కన్నా అధ్వాన్నమైతే రుణసంఖ్య వస్తుంది. రుణసంఖ్యలు అరుదనుకోకండి.

కొలతలనూ అనుమానించాలి. లోతు కొలతలో 10 సెంటీమీటర్ల పొరపాటు ఒకే వైపు ఉంటే, 200 మీటర్ల పొడవున ప్రతి మీటరు ఒడ్డుకు 20 ఘనపు మీటర్ల ఇసుక లేనిది ఉన్నట్టో, ఉన్నది పోయినట్టో కనిపిస్తుంది. ఒకే అంకె చెప్పే నివేదికను పక్కన పెట్టి, నీటిమట్టం, గాలి, మన్ను గట్టిదనం మారిస్తే ఫలితం ఎంతెంత మారుతుందో చూపమని అడగండి.

‘వందేళ్ల తుపాను’ ఇచ్చి నడిపితే చాలదా?

ఆ మాటే తప్పుదోవ పట్టిస్తుంది. అది వందేళ్లకొకసారి వచ్చేదని కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక పాలు అవకాశం ఉన్నదని. ముప్పై ఏళ్లలో కనీసం ఒక్కసారి రావడానికి నూటికి 26 పాళ్ళ అవకాశం ఉంది. పైగా వందేళ్ల గాలి తక్కువ నీటిమట్టంలో వస్తే గట్టును అందుకోకపోవచ్చు. పదేళ్ల గాలి ఎక్కువ మట్టంలో వచ్చి గట్టును కూల్చవచ్చు. అందుకని రికార్డులో ఉన్న తుపానులన్నిటినీ, ఏ రోజు మట్టంతో ఆ రోజు, విడివిడిగా నడిపి, వచ్చిన కోతలను వరసలో పెట్టి అవకాశాలు లెక్కించడం మేలు.

గట్టు ముందు గోడ కడితే ఏమవుతుందో మోడల్ చెప్పగలదా?

గోడ వెనక ఏమవుతుందో బాగానే చెబుతుంది. గోడ ముందు అల తిరుగు దెబ్బకు అడుగు ఎంత గోయి పడుతుందన్నది అంత నిక్కచ్చిగా రాదు. టిల్ అడుగుపై గోడ కట్టినా నీటి కింద అరుగుదల ఆగదు గనుక, ఏటా లోతు పెరిగి, మరింత పెద్ద అల గోడ దాకా వస్తుంది. అందుకే పునాది లోతును ఈనాటి అడుగును బట్టి కాక, గోడ నిలవవలసిన చివరి ఏడాది అడుగును బట్టి నిర్ణయించాలి. ఇసుక సాగిపోయే దిశలో మీ తరవాత ఉన్న ఒడ్డును కూడా గడుల్లో చేర్చండి. మీ గట్టు నుంచి రాలే ఇసుకే ఇన్నాళ్లూ ఆ ఒడ్డును మేపుతూ ఉంటే, గోడతో ఆ రాబడి ఆగిపోతుంది. గడుల పటం మీ సరిహద్దు దగ్గరే ముగిస్తే ఆ నష్టం ఏ అంకెలోనూ కనిపించదు.